పాటకి పద్దు

మా తమ్ముడు ముప్ఫయ్యేళ్ళ పైచిలుకు రాజమండ్రిలో ఆర్కెస్ట్రా నడిపాడు. కీబోర్డు వాయిస్తాడు, పాడతాడు, అవసరం పడితే పాట కూడా రాసిపెడతాడు. 1996లో ఒక అయ్యప్ప కాసెట్‌కి ఎనిమిది పాటలు రాసి, అందులో నాలుగు తనే పాడాడు. మా అమ్మాయి హైదరాబాదులో ఒక చిన్న మ్యూజిక్ పబ్లిషింగ్ కంపెనీలో పనిచేస్తుంది. ఏ పెద్ద ఆడియో సంస్థకీ చెందకుండా, పాటల రచయితల తరఫున రాయల్టీలు రాబట్టి పంచే కంపెనీ అది. సంక్రాంతికి వస్తూ బాబాయి కోసమని ఒక ఒప్పందం ప్రింటు తీసి తెచ్చింది. కనుమ నాడు భోజనాలయ్యాక మొదలైన మాటలు దీపాలు పెట్టేవేళకి గానీ ఆగలేదు. పక్కన కూర్చుని విన్నవి రాస్తున్నాను. ఇద్దరూ కోపంలో అనుకున్న కొన్ని మాటలు మాత్రం తీసేశాను.

బాబాయి: ఇదిగో, ఇక్కడుంది. నూటికి ఇరవై మీకు. రాసిందీ నేనే, పాడిందీ నేనే. మధ్యలో మీ ఇరవై ఎందుకమ్మా?

అమ్మాయి: ఇప్పుడు నూటికి ఎంతొస్తోంది బాబాయ్ నీకు?

బాబాయి: ఏమీ రావట్లేదు.

అమ్మాయి: ఆ ఏమీలో నూటికి నూరూ నీదే. ఎవరూ పట్టుకుపోవడం లేదు.

బాబాయి: ఆయ్, మాటలు బానే నేర్చావు. రాదని తెలిసే రాశానమ్మా. పదిహేను వందలిచ్చాడు కంపెనీవాడు, తీసుకున్నాను. అమ్మేసిన గేదె పాలిస్తోందా లేదా అని మళ్ళీ వెళ్ళి అడుగుతామా?

అమ్మాయి: అమ్మావని ఎవరన్నారు? కాగితం రాశావా?

బాబాయి: కాగితమా! సోడా తాగించి, డబ్బు జేబులో పెట్టాడు. రికార్డింగు మర్నాడు పొద్దున్నే.

అమ్మాయి: అయితే నువ్వు అమ్మలేదు, ఆయన కొనలేదు. కాపీరైటు చేతులు మారాలంటే రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవాడి సంతకం ఉండాలి. 1957 చట్టంలో 19వ సెక్షను. నెలజీతం మీద రాసి ఉంటే యజమానిది అయ్యేది. నువ్వు ఆయన దగ్గర జీతానికి లేవు. కాబట్టి ఆ ఎనిమిది పాటల సాహిత్యం ముప్ఫయ్యేళ్ళుగా నీదే. ఆయనది ఆ టేపు. రికార్డు చేయించినవాడు కనక ఆ రికార్డింగు మీద హక్కు ఆయనది.

బాబాయి: పాట వేరు, టేపు వేరూనా?

అమ్మాయి: అక్కడే మనవాళ్ళందరూ పడిపోయేది. సినిమావాళ్ళు 'ఆడియో రైట్స్' అని ఒక్క మాటలో చుట్టేసి అమ్మేస్తారు. లోపల రెండు ఆస్తులుంటాయి. రాసిన మాట, కట్టిన బాణీ ఒకటి. వాటిని ఒకరోజు ఒకరు పాడగా పట్టిన శబ్దం రెండోది. మా పబ్లిషింగు పని మొదటిదాని మీద. నీకు తెలిసిన సినిమాతోనే చెబుతాను. మల్లీశ్వరి 1951లో వచ్చింది. రికార్డు మీద హక్కు విడుదలైన ఏడాది దాటాక 60 ఏళ్ళు. ఆ పాత రికార్డుల మీద హక్కు కాలం ఎప్పుడో తీరిపోయింది. కానీ పాటలు కృష్ణశాస్త్రి గారివి. మన పిఠాపురం పక్క చంద్రంపాలెంలో పుట్టిన మనిషి, 1980లో పోయారు. సాహిత్యానికి 60 ఏళ్ళు రచయిత పోయిన దగ్గర్నించి లెక్క, అంటే 2040 ఆఖరిదాకా. బాణీలు సాలూరి రాజేశ్వరరావు గారివి, ఆయన పోయింది 1999. అవి 2059 దాకా. ఆ హక్కు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందన్నది వేరే తగువు. ఒకే పాటకి మూడు ఆయుష్షులు, చూశావా?

బాబాయి: బానే ఉంది. మరి మొన్న మీ చెల్లెలు నా పాట నా చేత పాడించి యూట్యూబులో పెడితే, ఎవరో కాపీరైటు అని పట్టుకున్నారే? టేపు వాళ్ళదనుకో. మొన్న పాడింది నేను, వాయించింది నేను. ఆ టేపు ఎక్కడుందక్కడ?

అమ్మాయి: పాత కాసెట్టు ఎవరో కొని, అందులో పాటలన్నీ తమవేనని రాయించుకున్నారు. మాట కూడా తమదేనని. అక్కడ మిషను పోల్చి చూసి పట్టుకుంటుంది, అంతే. రాసింది నువ్వని దానికెవరూ చెప్పలేదు. చెప్పే దారి మామూలు మనిషికి నేరుగా ఉండదు, మాలాంటి వాళ్ళ ద్వారా వెళ్ళాలి. అందుకే ఇరవై.

బాబాయి: ఆగు. ఇందాక ఏమన్నావు? ముప్ఫయ్యేళ్ళ కిందట సంతకం పెట్టలేదు కనక పాట నాకు మిగిలిందన్నావు. ఇప్పుడు నీ కాగితం మీద పెట్టమంటున్నావు. సంతకం పెట్టకపోవడం వల్ల బతికిపోయినవాణ్ణి, ఇవాళ నీ మాట విని పెట్టనా?

(ఇక్కడ మా అమ్మాయికి వెంటనే సమాధానం తోచలేదు. వాదనలో ఆవిడ ఆగడం నేను చూసింది తక్కువ.)

అమ్మాయి: అందులో ఏముందో చదివి పెట్టు. సంతకాల్లో రెండు రకాలున్నాయి. ఒకటి క్రయం. పొలం రాసిచ్చేసినట్టు, ఇక గట్టు మీద నించోవడానికి కూడా నీకు హక్కు లేదు. రెండోది కౌలు. పొలం నీ పేరునే ఉంటుంది. కొన్నేళ్ళు వేరేవాళ్ళు చేసుకుని, పంటలో మాట్లాడుకున్నది నీకు కొలుస్తారు. గడువయ్యాక పొలం నీ చేతికి వస్తుంది. మేం తెచ్చింది కౌలు కాగితం.

బాబాయి: కౌలా! మన డెల్టాలో కౌలు మాట నాకు చెబుతున్నావా? కౌలుదారు పెట్టుబడి పెడతాడు, గాలివాన వస్తే మునిగేది వాడు. రైతు ఊళ్ళో ఉన్నా లేకపోయినా మక్తా కొలవాల్సిందే. మీరు నాకు ముందస్తుగా ఏమైనా ఇస్తున్నారా? పంట రాకపోతే మీకేం నష్టం? వస్తే ఇరవై, రాకపోతే సున్నా. ఇది కౌలు కాదమ్మా, కమీషను.

అమ్మాయి: సరే, కమీషనే. కానీ పని లేని కమీషను కాదు. ప్రతి పాటకీ ఒక నంబరు తెప్పించాలి, రికార్డింగుకి వేరే నంబరు, నీకు రచయితగా మరో నంబరు. నీ పేరు ఒక చోట ఇంటిపేరుతో, ఒక చోట లేకుండా, ఒక చోట తప్పు స్పెల్లింగుతో ఉంటే, ఆ ముగ్గురూ ఒక్కరేనని రుజువు చెయ్యాలి. డబ్బు దగ్గర చట్టం లోటు కన్నా స్పెల్లింగు లోటే ఎక్కువ. అమెరికాలో ఎవరో దీక్షాపరుడు కారులో నీ పాట విన్నాడనుకో, అక్కడ వసూలైన పైసలు పేరు తెలియక ఒక గల్లాలో పడి ఉంటాయి. కొన్నాళ్ళు చూసి, ఎవరూ రాకపోతే పేరున్నవాళ్ళకే పంచేస్తారు. నీ పైసలు ఎవడో పెద్దవాడికి వెళతాయి.

బాబాయి: ముంబయిలో ఐపీఆర్‌ఎస్ అని సొసైటీ ఉందటగా. సినిమా రచయితలంతా అందులోనే ఉన్నారని మన కుర్రాడొకడు చెప్పాడు. నేనే అందులో చేరితే పోతుంది కదా, మీరెందుకు?

అమ్మాయి: చేరు. నేనే చేర్పిస్తాను. రచయిత వాటా సొసైటీ నించి నేరుగా రచయిత బ్యాంకు ఖాతాకే రావాలి. అందులో మేం చెయ్యి పెట్టకూడదు, పెట్టం. ఈ కాగితంలో ఆ మాట ఇంత స్పష్టంగా లేదు, నిజమే. చేర్పిస్తాను.

బాబాయి: చూశావా! అడక్కపోతే?

అమ్మాయి: సొసైటీలో చేరినంత మాత్రాన పనైపోదు. అది 1969లో పుట్టింది. దశాబ్దాల పాటు రచయితలకి అందింది తక్కువ. 1977లో సుప్రీంకోర్టు, నిర్మాత డబ్బిచ్చి సినిమాకి రాయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు నిర్మాతదేనని తేల్చింది. ఆత్రేయ గారి తరం, ఆరుద్ర గారి తరం అంతా ఆ నీడలోనే రాసి వెళ్ళిపోయారు. 2012లో చట్టం మార్చారు, జావేద్ అఖ్తర్ రాజ్యసభలో నించుని కొట్లాడాక. అప్పట్నించి రాసినవాడు, బాణీ కట్టినవాడు హక్కు అమ్మినా రాయల్టీలో సగం పోదు, రాసిచ్చినా చెల్లదు. వారసులకో, సొసైటీకో తప్ప ఎవరికీ ఇవ్వలేరు. సినిమా హాల్లో బొమ్మ ఆడినప్పుడు మాత్రం రాదు. టీవీ, రేడియో, ఫోను, హోటలు, అన్నిట్లోనూ వస్తుంది. 2017 నవంబరులో ఆ సొసైటీ కొత్త చట్టం కింద మళ్ళీ రిజిస్టరయింది, అఖ్తర్ గారే ఛైర్మన్.

బాబాయి: సినిమావాళ్ళకి మంచిదే. మన కొవ్వూరులో పుట్టిన కీరవాణి గారికి ఆస్కారు వచ్చింది, చంద్రబోస్ గారికీ వచ్చింది. ఆ పాట ఎక్కడ మోగినా వాళ్ళకి రూపాయి రావాలి, నేను కాదనను. నా అయ్యప్ప పాట ఎక్కడ మోగుతుంది? మాల వేసుకున్నవాళ్ళ పూజలో మోగుతుంది. ద్వారపూడి గుడి దగ్గర మైకులో మోగుతుంది. స్వామి పేరు చెప్పి వాళ్ళ దగ్గర వసూలు చెయ్యమంటావా?

అమ్మాయి: చెయ్యలేం కూడా. మతపరమైన వేడుకలో పాడుకుంటే అది కాపీరైటు ఉల్లంఘనే కాదని 52వ సెక్షను చెబుతుంది. పెళ్ళీ అంతే, పెళ్ళి ఊరేగింపూ అంతే. 2023 జులైలో కేంద్రం ఇంకోసారి నోటీసిచ్చింది, పెళ్ళిళ్ళ దగ్గర రాయల్టీ అడగొద్దని.

బాబాయి: అంటే ముప్ఫయ్యేళ్ళు నేను పెళ్ళిళ్ళలో పాడింది దొంగతనం కాదన్నమాట.

అమ్మాయి: పెళ్ళిళ్ళలో కాదు. డిసెంబరు 31 రాత్రి హోటల్లో టిక్కెట్టు పెట్టి పాడినప్పుడు మాత్రం లైసెన్సు ఉండాలి.

బాబాయి: మాకిచ్చేదే మూడు వేలు, దాన్లో డ్రమ్సువాడికి, వ్యానుకి, పాడే పిల్లకి...

అమ్మాయి: కట్టాల్సింది నువ్వు కాదు బాబాయ్, ప్రోగ్రాం పెట్టించినవాడు. ఈ సొసైటీల కథ మొదలైందే హోటల్లో. 1847లో పారిస్‌లో ఎర్నెస్ట్ బూర్జే అని ఒక పాటల రచయిత కాఫీ హోటల్లో కూర్చుని ఉండగా ఆయన పాటే అక్కడ వాయిస్తున్నారు. బిల్లు తెస్తే కట్టనన్నాడు. నా పాటకి మీరు కట్టరు, మీ షర్బత్తుకి నేనెందుకు కట్టాలన్నాడు. కోర్టు ఆయన వైపే చెప్పింది. 1851లో అక్కడ సొసైటీ పెట్టారు.

బాబాయి: మన దేవీచౌక్ దగ్గర హోటల్లో ఆ మాటంటే ప్లేట్లు కడిగించేవారు.

అమ్మాయి: నవ్వకు. ఆ మనిషి అడగబట్టే...

బాబాయి: నేనొకటి అడుగుతాను, నువ్వు చెప్పు. తిరుపతి వేంకట కవులు. చెళ్ళపిళ్ళ వారిది మన కడియం, దివాకర్ల వారిది యండగండి. పాండవోద్యోగ విజయాల పద్యాలు ఈ గోదావరికి ఈ పక్కా ఆ పక్కా పాడని పల్లె ఉందా? బళ్ళు కట్టుకుని వెళ్ళి తెల్లవార్లూ విన్నారు. అక్షరం రానివాడు కూడా రాగం తీశాడు. గ్రామఫోను రికార్డులొచ్చాయి, సినిమాల్లో పెట్టారు. ఏ నాటక సమాజమైనా ముందు ఆ ఇద్దరి దగ్గరకెళ్ళి లైసెన్సు తీసుకునుంటే ఆ పద్యం ఇంత దూరం నడిచేదా? గుమ్మం దగ్గర టోలు గేటు పెడితే నడుస్తుందా పాట? మేం ఆర్కెస్ట్రావాళ్ళం కూడా అంతే. ఆకలి రాజ్యం పాటలు, సాగర సంగమం పాటలు, ఊరూరా తిరిగి జనం నోట్లో నించి పోకుండా చూసింది మేం. రేడియోలో వారానికోసారి వచ్చేది, మేం నెలకి పదిహేను రాత్రులు పాడాం. దానికి కంపెనీలే మాకు ఇవ్వాలి.

అమ్మాయి: చెళ్ళపిళ్ళ వారు 1950లో పోయారు. ఇద్దరు కలిసి రాసింది కనక ఆఖరున పోయినవారి దగ్గర్నించి లెక్క, 2010తో ఆ హక్కు తీరిపోయింది. ఇప్పుడెవరైనా పాడుకోవచ్చు. నీ ప్రశ్న అంతకు ముందు సంగతి, తెలుసు. కానీ ఆ పద్యాల వల్ల ఎంతమంది తిన్నారో చెప్పు. టిక్కెట్లు అమ్మిన కాంట్రాక్టరు తిన్నాడు, హార్మోనియం వాయించినవాడు తిన్నాడు, అర్జునుడు వేసినవాడికి వన్సుమోరుకి నోట్లు పడ్డాయి. రాసినవాడికి శాలువా. చిలకమర్తి వారి గయోపాఖ్యానం లక్ష ప్రతులు దాటిందంటారు. పుస్తకం కనక ఆ అంకె అయినా మనకి తెలిసింది. పద్యం ఎన్నిసార్లు పాడారో ఎవరు లెక్కపెట్టారు? లెక్కపెట్టలేనిది కనక ఊరికే ఇచ్చేద్దాం అనుకున్నారు. ఇవాళ లెక్కపెట్టే యంత్రం వచ్చింది. ఎవరు, ఏ ఊళ్ళో, ఎన్ని సెకన్లు విన్నారో ఉంది. లెక్క ఉండీ ఇవ్వకపోతే దాన్ని భక్తి అనరు.

(ఈ మాట దగ్గర నేను అమ్మాయి పక్షం. తమ్ముడు చెప్పిన టోలు గేటు సంగతి స్టేజీ మీద నిజమే. కానీ ఫోనులో పాట ఊరికే వస్తుందనుకోవడం మన భ్రమ. ప్రకటనల డబ్బు ఎవరికో ముడుతూనే ఉంది. రాసినవాడు వద్దన్నంత మాత్రాన అది వినేవాడికి మిగలదు.)

బాబాయి: మరి 2017లో బాలు గారికి జరిగిందేమిటి? అమెరికాలో పాడుతుంటే ఇళయరాజా గారి లాయరు నోటీసు. ఆ పాటల్ని ఆ గొంతు నించి విడదీస్తే ఏం మిగులుతుంది? ఆయన, పాపం, ఆ పాటలు పక్కన పెట్టి మిగతావాటితో కానిచ్చారు. ఆ వారం మేం ప్రోగ్రాముల్లో ఇళయరాజా గారి పాట ఎత్తుకోవాలంటేనే చెయ్యి ఆడలేదు.

అమ్మాయి: మనసు కష్టపడడం వేరు, హక్కు వేరు. అమెరికాలో టిక్కెట్టు పెట్టి చేసిన కచేరీ, నిర్వాహకులు లైసెన్సు చూసుకోవాల్సింది. స్నేహితుల మధ్య నోటీసు దాకా వెళ్ళాలా అంటే అది వాళ్ళిద్దరి సంగతి, తర్వాత కలిసిపోయారు. 2012 సవరణ తర్వాత గాయకుల రాయల్టీ కోసం ఇస్రా అని సొసైటీ పెట్టారు. రాకెట్లది కాదు, పాటగాళ్ళది. అందులో బాలు గారూ ఉండేవారు. హక్కు అక్కర్లేదని ఆయనా అనుకోలేదు.

బాబాయి: సరే. నీ కంపెనీ దగ్గరకి రా. 'ఇండిపెండెంట్' అని పైన పెద్ద అక్షరాలతో కొట్టారు. రేపు దాన్ని ఏ పెద్ద కంపెనీయో కొనేస్తే? అప్పుడు నా పాట ఎవరి చేతిలో ఉంటుంది?

అమ్మాయి: కొన్నవాళ్ళ చేతిలో. ఒప్పందం మాత్రం అదే నడుస్తుంది.

బాబాయి: అంటే నేను నిన్ను చూసి సంతకం పెడితే, మొహం తెలియనివాడు వచ్చి కూర్చుంటాడు.

(ఇక్కడ నేను కలగజేసుకుని బీటిల్స్ సంగతి చెప్పాను. వాళ్ళ పాటల కోసం పెట్టిన నార్తర్న్ సాంగ్స్ కంపెనీలో వాటాలని 1969లో పబ్లిషరు వాళ్ళకి చెప్పకుండా ఒక టీవీ సంస్థకి అమ్మేశాడు. 1985లో మైకేల్ జాక్సన్ ఆ మూటంతా 4 కోట్ల 75 లక్షల డాలర్లకి కొన్నాడు. పాల్ మెకార్ట్నీ తన పాటల మీద హక్కు తన చేతికి తెచ్చుకోలేక, స్నేహితుడు కొనుక్కోవడం చూస్తూ ఉండిపోయాడు. మా తమ్ముడికి బీటిల్స్ పాటలు రెండో మూడో వాయించడం వచ్చు గానీ ఈ కథ తెలియదు. విని చాలాసేపు ఒప్పందం తిరగేశాడు.)

బాబాయి: అయితే రాసుకో. ఒకటి, మూడేళ్ళు చాలు. ఇందులో పదేళ్ళు అని ఉంది, పదేళ్ళకి నేనుంటానో లేదో.

అమ్మాయి: అలా అనకు. ఏళ్ళు అసలు రాయకపోతే చట్టం అయిదేళ్ళని లెక్కేస్తుంది. మూడు అడిగి చూస్తాను.

బాబాయి: రెండు, మీ కంపెనీ చేతులు మారితే నా పాటలు ఆ రోజే నా దగ్గరకి వచ్చెయ్యాలి. మూడు, మూణ్ణెల్లకోసారి లెక్క తెలుగులో పంపాలి. ఏ పాట, ఎన్నిసార్లు, ఎంత, మీరెంత పట్టుకున్నారు. నాలుగు, గుళ్ళో పిల్లలు పాడి ఫోనులో పెట్టుకుంటే దాన్ని తీయించకూడదు. ప్రకటన డబ్బులుంటే తెచ్చుకోండి, పిల్లల వీడియో మాత్రం ఉండాలి.

అమ్మాయి: నాలుగోది ఇప్పుడే ఒప్పుకుంటాను, అది బటన్ మార్చడమే. మూడోది మా సాఫ్ట్‌వేర్‌లో తెలుగు లేదు, నేను చేతితో చేసి పంపుతాను. రెండోది మా ఎండీ గారు ఒప్పుకోవాలి.

బాబాయి: ఒప్పుకోరు.

అమ్మాయి: అడగనీ. ఈలోగా పాటల ఫారం నింపుదాం. కాసెట్టు అట్ట ఉందా?

(ఉంది. అట్టపెట్టెలో కాసెట్టుతో పాటు లోపలి కాగితం కూడా భద్రంగా ఉంది. 'రచన' అని తమ్ముడి పేరు, కింద సన్నాయి, తబలా, కోరస్ వాళ్ళ పేర్లు. అమ్మాయి దాన్ని నాలుగు వైపులా ఫోటో తీసుకుంది. మిగతా రుజువులు లేకపోయినా ఇదొక్కటే పని నడిపిస్తుందట.)

అమ్మాయి: మొదటి పాట. సాహిత్యం నువ్వు. బాణీ?

బాబాయి: ఎవరమ్మా, కాస్త మంచినీళ్ళు.

అమ్మాయి: బాణీ బాబాయ్.

బాబాయి: అప్పట్లో ఆడుతున్న సినిమాలోది.

అమ్మాయి: రెండోది?

బాబాయి: అదీ సినిమాదే. చూడమ్మా, అయ్యప్ప కాసెట్లన్నీ అప్పుడంతే. భజనలో గురుస్వామి ఒక లైను అంటే మిగతావాళ్ళు వెంటనే అందుకోవాలి. కొత్త బాణీ అయితే నోళ్ళు తెరుచుకుని చూస్తారు. తెలిసిన బాణీ అయితే మొదటి రోజే ఇల్లు ఎగిరిపోయేలా పాడతారు. కంపెనీవాడే ఏ సినిమా ఏ పాటో చీటీ రాసిచ్చాడు.

అమ్మాయి: భజనలో పాడుకుంటే తప్పు లేదు. కాసెట్టు కొట్టి అమ్మితే అనుమతి కావాలి. ఎనిమిదిలో ఎన్ని?

బాబాయి: అయిదు.

అమ్మాయి: ఆ బాణీలు కట్టినవాళ్ళలో ఒక్కరికైనా...

బాబాయి: లేదమ్మా. లేదు. నువ్వు అన్నది నాకూ వర్తిస్తుంది, ఒప్పుకున్నాను. ఇంక పొడిచి చూపించక్కర్లేదు.

అమ్మాయి: ఆ అయిదూ మేం తీసుకోలేం బాబాయ్. సాహిత్యం నీదే అయినా, ఆ బాణీ మీద ఉన్నంత కాలం వాటి మీద డబ్బు అడిగితే నీకే నోటీసు వస్తుంది. వాటిని కదపకు. మిగతా మూడూ?

బాబాయి: రెండు నేను కట్టినవే. హంసధ్వనిలో ఒకటి, మోహనలో ఒకటి. మూడోది నాట్ల పాట. ఆత్రేయపురం అవతల ఊళ్ళో మా మావగారి చేలో ఊడుపులప్పుడు ఒకావిడ పాడేది. ఎత్తుకుంటే మడి మడంతా అందుకునేవాళ్ళు. ఆవిడ్ని గట్టు మీద కూర్చోబెట్టుకుని రెండు పూటలు నేర్చుకున్నాను. ఆ బాణీ మీద స్వామి మాటలు పెట్టాను. కాసెట్టులో అన్నిటికన్నా జనం అడిగింది అదే. మీ చెల్లెలు పెడితే పట్టుకున్నదీ అదే.

అమ్మాయి: జానపదానికి కర్త ఉండరు. 'సంప్రదాయం' అని రాసి, అనుసరణ నీ పేరు వేస్తాం. బాణీ వాటా నీకే వస్తుంది.

బాబాయి: నేను అనుసరించింది ఏముంది? చరణం చివర ఒక్క మలుపు తిప్పాను. ఆవిడ పేరు రాయి.

అమ్మాయి: ఆవిడ కట్టింది కాదుగా. వాళ్ళ అమ్మ దగ్గర నేర్చుకుని ఉంటుంది.

బాబాయి: నాకు నేర్పింది ఆవిడ. 2021లో సారంగ దరియా గొడవ మర్చిపోయావా? లవ్ స్టోరీ సినిమాలో పెట్టాక, ఆ పాట నేను ముందు పాడి బయటికి తెచ్చానని కోమలి అనే అమ్మాయి టీవీల్లో చెప్పుకోవాల్సి వచ్చింది. సుద్దాల అశోక్‌తేజ గారంతటి మనిషి వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ముందే ఒక కాగితం మీద పేరు వేసుంటే?

అమ్మాయి: చట్టప్రకారం అక్కర్లేదు. నువ్వు ఇష్టపడి ఇస్తే మాత్రం ఎవరూ ఆపరు. వాటాల కాగితంలో ఇంకో పేరు చేరుస్తాం. ఆవిడ ఉందా?

బాబాయి: పోయి ఆరేడేళ్ళయింది. కూతురు ఆత్రేయపురంలో పూతరేకులు చుడుతుంది. ఫోను నంబరుంది.

అమ్మాయి: అయితే ఆ కూతురి పాన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు కావాలి. వారసురాలినని ఒక కాగితం. ఎంత రాయమంటావు?

బాబాయి: బాణీలో సగం.

అమ్మాయి: బాబాయ్, ఉన్నమాట చెబుతున్నాను. ఆ పాట మీద ఏడాదికి నాలుగైదు వందలు వస్తే గొప్ప. అందులో బాణీకి సగం, ఆ సగంలో ఆవిడకి సగం. దానికోసం ఆవిడ పని మానుకుని కాగితాలు వెతుక్కోవాలా?

బాబాయి: నాకొచ్చే వందకి నన్ను పాన్ కార్డు అడిగావా లేదా?

అమ్మాయి ఇంకేమీ అనకుండా నంబరు చెప్పమంది. ఒప్పందం మీద సంతకం మాత్రం ఆ రోజు కాలేదు. మార్పులన్నీ హైదరాబాదు వెళ్ళాయి. మూడేళ్ళ గడువుకి కంపెనీ సరేనంది. చేతులు మారితే పాటలు వెనక్కివ్వాలన్న షరతు లాయరు దగ్గరుందని రాశారు. తమ్ముడు ఆ జవాబు వచ్చేదాకా పెన్ను తియ్యనంటున్నాడు.